మునిగిన ఓడకి జవాబు చెప్పేదెవరు? గంజాం తీరం నుంచి ఒక పాత కలాసీ మాట

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. ఓడలు మునగడం, సముద్రం మీద నూనె తెట్టు కట్టడం లాంటి విపత్తుల్ని ఒడిశాలోని మన గంజాం తీరపు తెలుగు మత్స్యకారులు ఎలా అర్థం చేసుకుంటారు? "అమ్మవారి కోపం" అనే మాట గురించి ప్రాజెక్టులో ఏమని రాయాలి? మీ గైడుగారు దాన్ని "తలరాత మీద నమ్మకం" అనే ఖాతాలో వేసెయ్యమన్నారట. వెయ్యకండమ్మా. అలా వేస్తే అసలు సంగతి జారిపోతుంది.

నేను పుట్టింది గోపాల్‌పూర్ దాపుల్లో వాడబలిజల పల్లెలో, అంటే మా చేపలవేట కులం పల్లెలో. కుర్రతనంలో మా నాన్నతో కర్ర తెప్ప మీద వేటకి వెళ్ళేవాణ్ణి. తరవాత సరుకు ఓడల్లో కలాసీగా చేరి, డెక్ మీద కలాసీలకి పెద్దగా ఉండే బోసన్‌గా రిటైరై, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాను. ఒడ్డున నిలబడి ఓడని చూసేవాళ్ళ మాటా తెలుసు, ఓడ మీద నిలబడి ఒడ్డుని చూసేవాళ్ళ మాటా తెలుసు. రెండూ కలిపి చెప్తాను.

ముందు అమ్మవార్ల సంగతి. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ అచ్చు వేయించిన దక్షిణాది కులాల సంపుటాల్లో వాడబలిజల దేవతల జాబితా ఒకటుంది, తప్పకుండా చూడండి. తెల్ల గుర్రం మీద చేత కత్తితో ఉండే ఎరెనమ్మ, మనిషి నీళ్ళలో మునిగిపోకుండా, పెద్ద చేపల బారిన పడకుండా కాపాడుతుంది. పడవ మునగకుండా, దెబ్బతినకుండా చూసేది ఒరొసొండి అమ్మవారు. ఏనుగెక్కిన భాగీరథి అమ్మవారు రాత్రి వేటకి తోడు. వెయ్యికన్నుల అమ్మవారంటే ఒళ్ళంతా చిల్లులు పొడిచిన కుండ, లోపల వెలిగే నువ్వుల నూనె దీపం. నూకాలమ్మది మశూచి. వీళ్ళ మధ్య నెత్తిన టోపీ పెట్టుకుని నల్ల గుర్రమెక్కిన బెంగాలీ బాబు అనే దేవుడు కూడా ఉన్నాడు. దొరల ఓడలు వచ్చిపోయిన రేవులో దేవుడికి టోపీ రావడం నాకైతే వింతగా అనిపించదు.

ఆ జాబితా చదివితే నాకు ఓడలో గోడకి తగిలించే డ్యూటీ రోస్టరే గుర్తొస్తుంది. ఏ గండానికి ఎవరు ఇన్‌ఛార్జో తేల్చి రాసినట్టుంటుంది. అంతా తలరాతే అనుకునేవాడికి ఇంతమంది ఇన్‌ఛార్జిలు అక్కర్లేదు కదా. నష్టం జరిగితే ఎవర్ని అడగాలో, ఏం బాకీ పడ్డామో తేల్చుకోవడానికి చేసుకున్న ఏర్పాటు ఇది. మన పల్లెల్లో సముద్రం మీద జరిగిన ఏ నష్టమైనా ఒక బాకీ వ్యవహారమే. ఎవరో ఎవరికో ఏదో చెల్లించలేదు, అది బయటపడాలి, ఇప్పుడైనా చెల్లించాలి.

దగ్గర్నుంచి చూస్తే ఇది ఎలా ఉంటుందో చెప్తాను. మా తీరంలో పడవకి గండం నడిసముద్రంలో కంటే ఒడ్డు దగ్గరే ఎక్కువ. పల్లెల ముందు అలలకి చాటు ఉండదు, వరసగా విరుగుతూ వస్తాయి. తిరిగొస్తున్న పడవ వెనక అల లేచి తోక పక్కకి తిప్పేసిందంటే పడవ అలకి అడ్డం పడుతుంది, ఆ తర్వాతి అల దాన్ని తిరగేస్తుంది. ఒడ్డున ఇసకలో నిలబడ్డ ఆడవాళ్ళ కళ్ళ ముందే జరిగిపోతుంది. అలా మనిషి పోయిన రోజు రాత్రి పల్లెలో కూర్చుంటే మీకు వినపడే ప్రశ్నలు ఇవి. చుక్కాని ఎవరు పట్టారు? పెద్ద అలలు పోయేదాకా ఆగారా, తొందరపడ్డారా? తడిసిన వల ముందు వేశారా, వెనక వేశారా? ఇంజను ఎందుకు ఆగింది, డీజిల్లో నీళ్ళు కలిశాయా? ఆ వరసలోనే, అదే గొంతుతో, కొత్త పడవ దింపినప్పుడు మొక్కిన మొక్కు తీర్చారా, ఎగ్గొట్టారా అని కూడా అడుగుతారు.

ఈ రెండు రకాల ప్రశ్నల మధ్య మనవాళ్ళు గీత గియ్యరు. ఓడలో ప్రమాదం జరిగితే మేం రాసిచ్చే రిపోర్టులో మొదటి రకం అన్నీ ఉంటాయి. రెండో రకం ఉండవు. పల్లెలో మనుషుల్ని దారికి తెచ్చేది మాత్రం ఆ రెండోదే. నేను చూసినంతలో మొక్కు ఎగ్గొట్టే యజమానే పడవ రిపేరు కూడా ఎగ్గొడతాడు. నలుగురిలో "నీ ఇంజను బాగోలేదు" అంటే దెబ్బలాటకి వస్తాడు. "అమ్మవారి బాకీ ఉంచుకున్నావు" అంటే తల దించుకుంటాడు. ఆ తల దించుకోవడం దగ్గర్నుంచే పోయినవాడి పెళ్ళాంపిల్లలకి ఎవరెంత ఇవ్వాలన్న మాట మొదలవుతుంది. పెద్దలు కూర్చుని తేలుస్తారు. అమ్మవారి కోపం అంటే ఆచరణలో ఇంత ఉంది.

శవం దొరక్కపోతే ఈ వ్యవహారం మధ్యలో ఆగిపోతుంది. కొన్ని కుటుంబాలు దర్భలతో బొమ్మ చేసి దహనం చేసి కర్మ జరిపిస్తాయి. కొందరు అదీ చెయ్యరు. గాజులు తీస్తే మనిషి పోయాడని ఒప్పుకున్నట్టు, తియ్యకపోతే ఏ కాగితమూ కదలదు. చట్టంలో అయితే ఏడేళ్ళు ఆచూకీ లేకపోతే గానీ చనిపోయినట్టు భావించరు. మరణ ధ్రువపత్రం కోసం వెళ్ళినావిడ చేతికి గాజులు చూసి, మీరే నమ్మనిది మేమెలా నమ్మాలని కౌంటర్లో అన్నవాళ్ళున్నారు. 2004 సునామీ లాంటి పెద్ద విపత్తు తర్వాత ప్రభుత్వం ఆ ఏడేళ్ళ గడువు సడలించింది. ఒక్క పడవ, ముగ్గురు మనుషులు పోతే అలాంటి ఉత్తర్వు ఎవరు తెస్తారు? మీ ప్రాజెక్టులో ఈ ఏడేళ్ళ గురించి ఒక అధ్యాయం రాసినా ఎక్కువ కాదు.

ఇప్పుడు జ్ఞాపకం సంగతి. ఏ మునక గుర్తుంటుంది, ఏది ఉండదు? 1887 మే 25న కలకత్తా నుంచి చాంద్‌బాలీకి బయల్దేరిన సర్ జాన్ లారెన్స్ అనే స్టీమరు తుపానులో మునిగింది. 700 మందికి పైగా పోయారు. చాలామంది జగన్నాథుడి దర్శనానికి పూరీ వస్తున్నవాళ్ళు, అందులోనూ ఆడవాళ్ళే ఎక్కువ. వాళ్ళ కోసం కొందరు ఇంగ్లీషు స్త్రీలు వేయించిన రాతి పలక ఇప్పటికీ కోల్‌కతాలో హుగ్లీ ఒడ్డున, ఛోటేలాల్ ఘాట్ దగ్గర ఉంది. ఓడ పేరు, తేదీ ఉన్నాయి, చనిపోయిన ఒక్క మనిషి పేరూ లేదు. ఇంకో పదేళ్ళకి, 1897లో, పూరీకి రైలొచ్చింది. లారెన్స్ మునిగిన మరుసటి ఏడే, అంటే 1888 నవంబరులో, గుజరాత్ తీరాన వైతర్ణ అనే స్టీమరు వందల మందితో సహా మాయమైంది. దీపాలతో మెరిసిపోయేదని జనం దాన్ని విజిలీ అనేవారు. శకలం కూడా దొరకలేదు గానీ సౌరాష్ట్రలో ఆ ఓడ మీద పాటలు పుట్టాయి. కలకత్తాలో రాయి, సౌరాష్ట్రలో పాట. కలకత్తా అనాథ ప్రయాణికులకి రాయి దక్కింది, సొంత ఊళ్ళవాళ్ళు పోయిన చోట పాట పుట్టింది. ఇది నా ఊహే, మీరు పరిశీలించి చూడండి.

మనకి ఏం మిగిలింది? ఒడియావాళ్ళకి బొయిత వందాణ అనే ఓడల పండగ ఉంది. కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున బరంపురం చెరువుల్లో అరటి దొప్ప పడవలు మీరూ వదిలే ఉంటారు. భాద్రపదంలో ఖుదురుకుణి నోము కథలో తఅపొయి అనే అమ్మాయి అన్నలు ఏడుగురు ఓడల మీద వ్యాపారానికి వెళ్ళి, చివరికి క్షేమంగా తిరిగొస్తారు. గొప్ప జ్ఞాపకాలే. కానీ అవి వర్తకుడి ఇంటి జ్ఞాపకాలు, వాటిలో ఓడలు తిరిగొస్తాయి. చుక్కాని పట్టినవాడి ఇంట్లో ఆ కథ వేరేగా ఉంటుంది. మా నాయనమ్మ తరంలో "రంగం వెళ్ళాడు" అంటే సగం సంపాదన, సగం ఏడుపు. గోపాల్‌పూర్ నుంచి రంగూన్‌కి స్టీమర్లు నడిచిన రోజులవి. 1936 దాకా మన జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది కాబట్టి కాగితాలన్నీ ఆ లెక్కల్లో ఉన్నాయి. ఓడ మునిగి పోయాడా, అక్కడే ఇంకో ఇల్లు కట్టుకున్నాడా తెలియని మగాళ్ళు మా ఇళ్ళలో ఉన్నారు. వాళ్ళకి రాయీ లేదు, పాటా లేదు.

ఇంకో సంగతి పక్కన పెట్టకండి. పూరీ బీచిలో యాత్రికులు కొట్టుకుపోతే దూకి లాక్కొచ్చేది మనవాళ్ళే, పెంఠకట అనే పల్లె నుంచి వచ్చే నోళియా జాలర్లు. మొనదేలిన టోపీ పెట్టుకుని నిలబడతారు. ఇంకొకరి మునక ఆపడమే ఉద్యోగం అయినవాళ్ళు మన భాష మాట్లాడతారు. సముద్రం గురించి వాళ్ళనే అడగాలి, హోటల్ బాల్కనీ నుంచి చూసేవాళ్ళని కాదు. బాల్కనీ చూపు ఎలా ఉంటుందో 2020 అక్టోబరులో విశాఖలో చూశాం. ఎం.వి. మా అనే బంగ్లాదేశ్ ఓడ తుపానుకి కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర రాళ్ళకి తగులుకుంటే జనం సెల్ఫీలకి ఎగబడ్డారు. దాన్ని రెస్టారెంట్ చేద్దామన్న మాట కూడా నడిచింది.

ఇక నూనె. మన పాత లెక్క ఇక్కడే కుదరడం మానేసింది.

2009 సెప్టెంబరు 9న పారదీప్ రేవు బయట బ్లాక్ రోజ్ అనే ఓడ మునిగింది. మంగోలియా జెండా. మంగోలియాకి సముద్రమే లేదు, అయినా ఓడలు ఆ జెండాతో తిరుగుతాయి, అదో పెద్ద కథ. లోపల 23 వేల టన్నులకి పైగా ఇనుప ఖనిజం, ట్యాంకుల్లో వందల టన్నుల ఫర్నేస్ ఆయిల్. దానికి ఉత్తరాన గహిర్‌మథ, తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరం. ఆ ట్యాంకులు ఎప్పుడు పగులుతాయో అని టెన్షన్. మన దగ్గరికొస్తే 2010 ఏప్రిల్లో గోపాల్‌పూర్ దగ్గరే ఎం.వి. మాలవిక నుంచి ఫర్నేస్ ఆయిల్ కారింది. ప్రపంచ లెక్కల్లో అది చాలా చిన్నది. కానీ ఏప్రిల్, మే అంటే ఋషికుల్య నది మొగ దగ్గర తాబేలు పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చే కాలం.

ఫర్నేస్ ఆయిల్ అంటే బైకులో పోసే పెట్రోలు లాంటిది కాదు. వేడి చేస్తే గానీ పంపులో కదలని చిక్కటి నల్ల జిగురు. నీటి మీద పడితే కొంతకాలానికి ఉండలు కట్టి ఒడ్డుకొస్తుంది. కాలికి అంటితే కిరసనాయిలు పెట్టి రుద్దాలి. నైలాను వలకి పట్టిందంటే ఇక ఆ వల పని అయిపోయినట్టే. వల కళ్ళు ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఇసక పట్టుకుంటుంది, ఉతికితే ఇంకా పాకుతుంది. ఆ వలలో పడ్డ చేపకి వాసన. బుట్ట దింపగానే కొనేవాళ్ళు ముక్కుతో బేరం మొదలుపెడతారు. వల పోయినవాడికి నష్టపరిహారం రావాలంటే ఆ నూనె ఫలానా ఓడదే అని తేలాలి. ఎవరు తేలుస్తారు?

ఓడ వైపు నుంచి ఒక మాట చెప్పాలి. పెద్ద మునకలు పేపర్లో వస్తాయి. సముద్రంలో కలిసే నూనె అంతా వాటి నుంచే రాదు. ఇంజను గది అడుగున చేరే నూనె నీళ్ళని శుద్ధి యంత్రం గుండా పంపి, లెక్క రాసి, అప్పుడు వదలాలి. దాన్ని తప్పించి రాత్రిపూట నేరుగా సముద్రంలోకి వదిలే దొంగ పైపుని మేం మ్యాజిక్ పైప్ అంటాం. అది ఎక్కడ బిగిస్తారో ఓడల్లో పనిచేసినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఒడ్డున తెల్లారి తారు ఉండలు కనపడతాయి, ఆకాశంలో మబ్బు ఉండదు, ఏ ఓడా మునిగి ఉండదు.

ఇప్పుడు చెప్పండి, ఈ నూనె ఏ అమ్మవారి శాఖ? మశూచికీ, పడవ మునకకీ, రాత్రి వేటకీ దిక్కున్న చోట తారు ఉండకి దిక్కు లేదు. మా పల్లెల్లో నూనె గురించి మొక్కుకున్నవాళ్ళని నేను చూడలేదు. ముసలమ్మలు దీని గురించి మాట్లాడే తీరే వేరు. తుపానప్పుడు గంగమ్మకి కోపం వచ్చిందంటారు. నూనె పడ్డప్పుడు గంగమ్మకి దెబ్బ తగిలిందంటారు. దెబ్బ తిన్నావిడ దగ్గర బాకీ ఏం తీరుస్తారు? తాబేళ్ళ విషయం కూడా ఇంతే. కూర్మావతారం అని మనవాళ్ళు చెయ్యి వెయ్యరు, శ్రీకూర్మం మనకి ఎంతో దూరం కాదు. 2025లో ఋషికుల్య దగ్గర ఏడు లక్షలకి దగ్గరగా తాబేళ్ళు గుడ్లు పెట్టాయి. అవి నూనెలో పడి చస్తే వేటగాడికి పాపభయం ఉంటుంది, నూనె పోసినవాడికి ఉండదు.

2025 మే 25న కొచ్చి దగ్గర ఎం.ఎస్.సి. ఎల్సా 3 మునిగినప్పుడు ఇదంతా పెద్ద ఎత్తున కనపడింది. 640 కంటెయినర్లు. వాటిలో 13 ప్రమాదకర సరుకువి, పన్నెండింట్లో కాల్షియం కార్బైడ్. తిరువనంతపురం దాకా ఇసకలో తెల్లటి ప్లాస్టిక్ గుళికలు. చేపలు తినకూడదని పుకారు లేచింది, బేరం పడిపోయింది. మన జిల్లా కుర్రాళ్ళు కేరళ బోట్ల మీద పనికి వెళ్తుంటారు కాబట్టి ఆ వీడియోలు ముందు మా వాట్సాప్‌లోకే వచ్చాయి. రాష్ట్ర ప్రభుత్వం మత్స్యకార కుటుంబానికి వెయ్యి రూపాయలు, ఆరు కిలోల బియ్యం ప్రకటించింది. కోర్టులో మాత్రం 9,531 కోట్లు కావాలని దావా వేసింది. అంతకుముందు 2021లో కొలంబో దగ్గర కాలి మునిగిన ఎక్స్‌ప్రెస్ పెర్ల్ నుంచి 1,600 టన్నులకి పైగా అవే గుళికలు పడ్డాయి, తాబేళ్ళు చచ్చి ఒడ్డుకొచ్చాయి. నాలుగేళ్ళకి, 2025 జులైలో, శ్రీలంక సుప్రీంకోర్టు వంద కోట్ల డాలర్లు కట్టమంది. బాకీ తేల్చే పని పల్లె పెద్దల చేతి నుంచి కోర్టుకి వెళ్ళిపోయిందన్నమాట.

ఆ కోర్టులోనూ దేవుడున్నాడు, అదే మీరు రాయాల్సిన అసలు సంగతి. సరుకు రవాణా కాగితాల్లో "యాక్ట్ ఆఫ్ గాడ్", అంటే దేవుడి పని, అనే నిబంధన ఉంటుంది. 1967లో టోరీ కాన్యన్ అనే ట్యాంకరు ఇంగ్లండు దగ్గర రాళ్ళకి కొట్టుకుని లక్ష టన్నులకి పైగా చమురు పారిన తర్వాత, 1969లో చమురు కాలుష్య బాధ్యత మీద అంతర్జాతీయ ఒప్పందం చేశారు. అందులోనూ ఎవరూ ఆపలేని అసాధారణ ప్రకృతి ఘటన అయితే ఓడ యజమానికి బాధ్యత లేదనే మినహాయింపు ఉంది. మా పల్లెలో అమ్మవారి పేరెత్తితే బాకీ మొదలవుతుంది. కంపెనీ కాగితంలో దేవుడి పేరెత్తితే బాకీ రద్దవుతుంది. ఇప్పుడు తలరాత మాట ఎవరిదో మీరే మీ గైడుగారిని అడగండి.

ఇంకొకటి కూడా చూడండి, ఇది మనకి అనుకూలమైనది. సముద్ర చట్టంలో దావా ఓడ మీదే వేస్తారు, ఓడనే అరెస్టు చేస్తారు. ఎల్సా 3 మునిగాక అదే కంపెనీకి సంబంధించిన ఇంకో ఓడని కేరళలోని విళింజం రేవులో కోర్టు ఆపించింది. 2017 అడ్మిరాల్టీ చట్టం ప్రకారం ఆ అధికారం ఉన్న హైకోర్టుల్లో ఒడిశా హైకోర్టూ ఉంది, అంటే కటక్‌లోనే వెయ్యొచ్చు. చదువుకున్నవాళ్ళు ఓడకి మనిషి హోదా ఇస్తే అది న్యాయశాస్త్రం. మనవాళ్ళు పడవకి పసుపు రాసి బొట్టు పెట్టి, అది అలిగిందని అంటే మూఢనమ్మకం. రెండింటినీ పక్కపక్కన పెట్టి రాయండి, చదివేవాళ్ళకి ఇంకేం చెప్పక్కర్లేదు.

మన గంజాం తీరంలోనే పొడంపేట అనే పల్లె వెళ్తే సముద్రపు కోతకి పోయిన ఇళ్ళ గురించి కూడా అడగండి. అక్కడ ఒక్క ఓడా మునగలేదు, ఊరే కొంచెం కొంచెంగా వెళ్ళిపోయింది. రేవు గట్లు కట్టాకే ఎక్కువైందని ఊళ్ళో అంటారు. దానికి తేదీ లేదు కాబట్టి సంస్మరణ కూడా ఉండదు.

వెళ్ళేది వేట నిషేధం రోజుల్లో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 మధ్యలో వెళ్ళండి. మగవాళ్ళు ఒడ్డునే వలలు అల్లుకుంటూ ఉంటారు, మాట్లాడే ఓపిక ఉంటుంది. మీరు అమ్మవారిని నమ్ముతారా అని మాత్రం అడగొద్దు, నవ్వి పంపించేస్తారు. మీ ఊళ్ళో ఆఖరిసారి పడవ బోల్తా పడ్డప్పుడు ఎవరు ఎంత ఇచ్చుకున్నారు అని అడగండి. ఆ తరవాత, నూనె పడ్డప్పుడు ఎవరిచ్చారు అని అడగండి. తెలుగులోనే అడగండి, ఒడియాలో అడిగితే ఆఫీసు నుంచి వచ్చారనుకుని రేషన్ కార్డు తెచ్చి చూపిస్తారు. చేపలు అమ్మే పెద్దావిడ ఎవరైనా ఉంటే ముందు ఆవిడ దగ్గర కూర్చోండి. పడవల లెక్కలు మగవాళ్ళు చెప్తారు గానీ, ఎవరి బాకీ ఎవరు ఎగ్గొట్టారో ఆవిడకే తెలుస్తుంది.